మూడేళ్లూ గెలిచిన మిద్దె

కోట ఊళ్లో ఆ వీధి మొత్తానికి మిద్దిల్లు ఒక్కటే. అది పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా పద్మనాభయ్య గారిది. కట్టించి ఇచ్చింది మాత్రం మామగారు. ఆ సంగతి ఆయన భార్య ఆదిశేషమ్మ రోజూ ఒకసారి చెప్పేది కాబట్టి ఎవరూ మరిచిపోలేదు.

మహిళా మండలి ఏటా పెట్టే గుమ్మడి వడియాల పోటీలో రెండేళ్లుగా బహుమతి ఎవర్‌సిల్వర్ గిన్నె ఆదిశేషమ్మదే. ఎవర్‌సిల్వర్ అనే స్టీలు సామాను అప్పుడే కొత్తగా వస్తున్న రోజులు. ఆ గిన్నెల్లో ఆమె వండేది కాదు. అందరికీ కనపడేటట్టు గూట్లో పెట్టి, "కష్టం మే, అంతా కష్టం! తెల్లారుజామున లేచి రుబ్బినాను" అనేది. రుబ్బింది పనిమనిషి. లేచింది మాత్రం నిజంగా ఆదిశేషమ్మే, రుబ్బుతోందో లేదో చూడటానికి.

ఎదురింటి చెంచులక్ష్మి వడియాలు వాకిట్లో మంచం మీద ఎండేవి. సముద్రపు గాలి ఇసుకను మోసుకొచ్చి, మిద్దె ఎత్తుకు ఎక్కించలేక, వాటి మీదే దించేది. నోట్లో వేసుకుంటే వడియం కంటే ముందు ఇసుక కరకరలాడేది.

"మీకేం అక్కా, మిద్దె ఉండాది. మాకూ ఉంటే మేమూ గెలిచుండేవాళ్లం" అనేసింది చెంచులక్ష్మి ఒకరోజు బావి దగ్గర, నలుగురిలో.

ఆదిశేషమ్మకు ఒళ్లు మండింది. "మిద్దెదేముంది మే? మిద్దె రుబ్బిందా, గుమ్మడికాయ తరిగిందా? అంతా చేతిలో ఉండాది. ఈసారి నా మిద్దె మీదే పెట్టుకో. ఎవురి కష్టమెంతో తేలిపోద్ది!"

చెంచులక్ష్మి ఆ సాయంత్రమే గుమ్మడికాయ కొనుక్కొచ్చింది.

ఇద్దరి వడియాలూ పక్కపక్క పంచెల మీద ఎండాయి. ఆదిశేషమ్మ తన పంచెకు దిష్టి మిరపకాయలు కట్టింది. మూడో గిన్నెకు గూట్లో చోటు కూడా సర్దింది.

పోటీనాడు గ్రామసేవిక ఎలిశబెతు గారు, ఏవి ఎవరివో తెలియకుండా, వేయించిన వడియాలు తిన్నారు. ఆ ఇద్దరి వడియాల్లోనూ ఇసుక లేదు. రెండో ఆకులోవి మళ్లీ రెండు తిని, ఇవే బాగున్నాయన్నారు. అవి చెంచులక్ష్మివి.

వీధి ఆడవాళ్లంతా ఆదిశేషమ్మ మొహంకేసి తిరిగారు.

చెంచులక్ష్మి గిన్నెను గుండెకు హత్తుకుంది. "కష్టం అక్కా, అంతా కష్టం! తెల్లారుజామున లేచి రుబ్బినాను."

ఆదిశేషమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఏం కష్టంలే మే! ఎవురి మిద్దె మీద ఎండినాయో అది చెప్పు ముందు" అంది.

తల ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఎదురైన ప్రతి మనిషినీ ఆపి చెప్పింది. "ఈ ఏడు కూడా మన మిద్దే గెలిచింది. మా నాయన కట్టించింది కదా!"