సగం దించిన బండి

బండెక్కితే నా మనుమరాలు సింధూజ కాళ్లు నేలకు అందవు. నా పెద్దకొడుకు మార్కండేయ పోయాక ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

మార్కండేయకు ఒక రేసు బండి ఉండేది. ముందుకు వంగి తోలే రకం. సీటు బాగా ఎత్తు. వాడు పొడుగు మనిషి, వాడికి సరిపోయేది. బిడ్డ సింధూజకు లైసెన్సు వచ్చాక దాని మీదే నేర్పాడు. ఆపాల్సి వచ్చినప్పుడల్లా వెనక కూర్చుని వాడే కాళ్లు ఆనించేవాడు. ఆ పిల్లది తల్లి వినీత పోలిక. పొట్టి. ఒకనాడు గుండెనొప్పి వచ్చింది వాడికి. సాయంత్రానికి లేడు.

పెద్దకర్మ అయ్యాక నా చిన్నకొడుకు సురేందర్ ఆ బండి తన కొడుక్కి కావాలన్నాడు. పిల్లగాడు కాలేజీకి పోతాడట. సింధూజ ఒప్పుకోలేదు. ఆ పిల్లకు నిజామాబాద్‌లో రక్తపరీక్షల ల్యాబులో కొలువు. రోజూ బోధన్ నుంచి పోయి రావాలి.

"బాపు నాకు నేర్పిండు. బాపు బండి నాది," అంది.

"కాళ్లు భూమికి ఆనవు, నీదెట్లయితదే? సిగ్నల్ కాడ ఎవలు పట్టుకుంటరు, పోలీసాయనా?"

చుట్టాలు నవ్వారు. సింధూజ నవ్వలేదు.

"ఆనితే ఇస్తవా చిన్నబాపు?"

"ఆనినంక నీదే. అందరి ముందట జెప్తున్న."

బండిని కిందికి దించవచ్చని సింధూజ ఫోన్లో చూసి చెప్పింది. ఆ పని తానే చేయిస్తానన్నాడు సురేందర్. నిజామాబాద్‌లో ఎజ్రా అనే మెకానిక్ దగ్గరికి తానే తోలుకుపోయాడు. అన్న బిడ్డంటే ఎంత పానమో అని నలుగురూ మెచ్చుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

బండి తిరిగొచ్చింది. సింధూజ ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేలకు తగిలాయి. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వగా చూడడం అదే మొదలు. సురేందర్ తాళంచెవి చేతిలో పెట్టాడు.

వారం తిరక్కుండానే ముఖం మారింది.

"బండి నా మాట ఇంటలేదు తాత. మలుపుల నేను ఇటు అంటే అది అటు వోతది."

బండ్ల సంగతి నాకేం తెలుసు. చిన్నబాపును అడగమన్నాను.

"బండి అదే గదా," అన్నాడు సురేందర్. "తోలెటోళ్లు మారిండ్రు."

మళ్లీ అడగలేదు ఆ పిల్ల. భయపడుకుంటూనే పోయి వచ్చేది. పక్క స్టాండు వేస్తే బండి వాలకుండా నిటారుగా నిలబడేది. ఒకసారి గాలికే వాకిట్లో పడిపోయింది. సరిగ్గా నిలబెట్టరాదని దానికీ ఆ పిల్లనే అన్నారు.

జానకంపేట దాటాక ఒక మలుపులో చెరుకు ట్రాక్టరు ఎదురొచ్చింది. తిరగాల్సినంత తిరగక బండి రోడ్డు అవతలి పక్కకు పోయింది. ట్రాక్టరు నడిపేవాడు పొలంలోకి దించాడు కాబట్టి పిల్ల బతికింది. కుడి మణికట్టు విరిగింది.

దవాఖానకు సురేందర్ బత్తాయిలు తెచ్చాడు.

"ఇగ జాలు బిడ్డా. నీతోని గాదు. ఇంట్ల ఇంకో సావు మేం సూడలేం."

సింధూజ గోడవైపు తిరిగి పడుకుంది. "తీస్కపో," అంది.

బండి సురేందర్ వాకిట్లోకి వచ్చింది. నేనూ ఆ ఇంట్లోనే ఉంటాను. అక్కడే తింటాను.

ఒక పొద్దున అరుగు మీద కూర్చుని బండిని పక్కనుంచి చూశాను. వెనక కూలబడి ఉంది, ముందు మూతి పైకి లేచి ఉంది. వయసులో ఉన్నన్నాళ్లు నేను ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలినవాణ్ణి. వెనక గడలు ఎక్కువ పడితే కాడి ఎడ్ల మెడ మీంచి లేస్తుంది. అప్పుడు పగ్గం ఎంత గుంజినా బండి మలగదు. తిరగమని ఎడ్లను కొడితే ఏం లాభం, వాటి మెడ మీద కాడే లేకపోయె.

బస్సెక్కి నిజామాబాద్ పోయాను.

ఎజ్రా ఎవరిదో స్కూటర్ విప్పుకుని కూర్చున్నాడు. సురేందర్ తండ్రినని చెప్పాను.

"ఎనుక దించినవు. ముందట ఎందుకు దించలే?"

"ఇంట్ల మీ కొడుకును అడుగున్రి పెద్దాయనా."

నేను కదల్లేదు. ఎజ్రా చేతులు తుడుచుకుని స్టూలు నావైపు జరిపాడు.

"ఎనుక షాకప్ కాడ పట్టీలు మార్చి పొడుగుయి ఏసిన. ఎనుక ఎంత దిగితే ముందటి చక్రం పట్టుకునే ఫోర్కులు గంత పైకి జరిపి ముందట గూడ దించాలె, స్టాండు కొయ్యాలె. లేకుంటే ముందటి చక్రం మీద బరువు వడదు. మలుపుల బయటికి గుంజుతది. గిదంత మీ వోనికి జెప్పిన."

"ఏమన్నడు?"

"'ముందట ముట్టకు' అన్నడు. తోలెటోళ్లకు కష్టమైతదన్న. 'కానియ్యి' అన్నడు. బండిని మల్ల ఎత్తెటిదే ఉన్నదని పాత పట్టీలు సంచిల ఏస్కపోయిండు."

"ఎవలు తోలుతరో జెప్పిండా?"

"లే. జెప్తే జెయ్యకపోతుంటి." ఎజ్రా స్కూటర్ వైపు తిరిగాడు. "చేస్తుంటినేమో. గిరాకి గదా."

ఇంటికి వచ్చేసరికి సురేందర్ అన్నం తింటున్నాడు. నాకూ కంచం పెట్టారు.

"'ముందట ముట్టకు' అన్నవట."

వాడు ముద్ద ఆపలేదు. "భయపడి ఇడిసిపెడ్తదనుకున్న. పడ్తదనుకోలే."

"పడ్డది."

"కాళ్లు ఆనాలన్నరు, ఆనిచ్చిన. నేనేం జెడగొట్టలే బాపు." కంచంలో చారు పోసుకున్నాడు. "నా కొడుకు నీ మనుమడు గాదా? ఎవలింట్ల తింటున్నవో గది గూడ సూస్కో."

చెయ్యి కడుక్కున్నాను. మేకుకున్న తాళంచెవి తీశాను. వాడు లేవలేదు, అడ్డం రాలేదు. వినీత వాళ్లు ఉండేది రెండు గల్లీల అవతల. బండిని తోసుకుంటూ పోయాను. దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను.

సింధూజ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"నాకే రాదనుకున్న తాత. దినాం నన్ను నేనే తిట్టుకున్న."

వినీత బీడీల చాట పక్కన పెట్టి ఏడ్చింది. సింధూజ ఏడవలేదు.

"ఇగ ఆ ఇంటికి వోకు. మాతోనే ఉండు," అంది.

అది ఒక్క గది. చెయ్యి నయమయ్యేదాకా ల్యాబు లేదు. వినీత పొద్దంతా బీడీలు చుడితేనే ఇద్దరికి పూట గడుస్తుంది. వాళ్ల మీద నేనొకణ్ణి భారం. ఈ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"నా మందులు ఆడ్నే ఉన్నయి," అన్నాను.

సింధూజ నా చేతిలోంచి తాళంచెవి తీసుకుంది.

"గట్లయితే వో. వాళ్ల బువ్వ తినుకుంట మా ఇంటికి రాకు."

సురేందర్ ఇంట్లో నా కంచం ఎప్పటిలాగే పెడుతున్నారు. పెట్టి లోపలికి పోతారు. బండి ఊసు ఎవరూ ఎత్తరు.

చెయ్యి బాగయ్యాక సింధూజ తానే ఎజ్రా దగ్గరికి పోయి ముందు వైపు కూడా దించించింది. స్టాండు కోయించింది. ఇప్పుడు రోజూ పొద్దున మా గల్లీ మీదుగానే కొలువుకు పోతుంది. మూల మీద ఎంత వంచితే బండి అంతే తిరుగుతుంది. తండ్రి తోలినట్టే తోలుతుంది.

మా ఇంటి ముందర ఒక స్పీడ్ బ్రేకర్ వేశారు. దించిన బండి, పొట్ట రాసుకుంటుంది. అందుకని అక్కడ బాగా నెమ్మది చేసి, కాలు ఆనించి, కొంచెం అడ్డంగా దాటిస్తుంది. నేను అరుగు మీదే ఉంటాను. చెయ్యి చాచితే అందేంత దూరం.

తల తిప్పదు.