వంశంలో లేని చెవుడు

ఫిరంగి దళంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన హవల్దారు రిటైరయ్యే ముందు ఆఖరి వైద్యపరీక్షకు వెళ్ళాడు. కుర్ర డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, కాగితం నింపి, సంతకం పెట్టమన్నాడు. కుడిచెవి పూర్తిగా చెవుడు, కారణం వంశపారంపర్యం అని ఉంది అందులో.

హవల్దారుకి ఒళ్ళు మండిపోయింది.

"మా నాన్నకి ఎనభై ఏళ్ళప్పుడు కూడా పక్కగదిలో గుసగుసలు వినబడేవి. మా వంశంలో చెవుడెక్కడిదండీ?"

"అందరికీ ఇలాగే రాస్తాం. ఉద్యోగం వల్ల అని రాస్తే పరిహారం ఇవ్వాల్సొస్తుంది. వెళ్ళిపోయే ముందు గొడవెందుకు చెప్పండి?"

ఆ మాట రెండోసారి గట్టిగా చెప్పించుకుంటే గాని ఆయనకు అందలేదు.

చేరిన కొత్తలో చెవుల్లో పెట్టుకోవడానికి దూది అడిగితే, "పెళ్ళికూతురివా?" అని పై అధికారి అందరిముందూ నవ్వాడు. సిగ్గుపడి మళ్ళీ అడగలేదు. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు తనమీద తనకే కోపం వచ్చింది.

పెన్ను లాక్కుని, వంశపారంపర్యం అన్న మాటను కాగితం చిరిగేలా కొట్టేశాడు. పక్కన 'ఫిరంగి' అని రాసి సంతకం చేశాడు.

"ఇది చెల్లదండీ. మళ్ళీ పిలుస్తారు మిమ్మల్ని," అని అరిచాడు డాక్టరు.

"పిలవండి. వచ్చి మళ్ళీ ఇదే రాస్తాను. కాకపోతే ఇలాగే గట్టిగా పిలవండి."