కర్పూరం బట్టీలో ముక్కక్క

కర్పూరం బట్టీలో ఆమెను అందరూ ముక్కక్క అనేవారు. కర్పూరం చెట్టు చెక్కపేళ్లను ఉడికిస్తే లేచే ఆవిరి చల్లారి తెల్లగా పేరుకునేది. దాన్ని చిటికెడు తీసి వాసన చూసి, నూనె పూర్తిగా పోయిందో లేదో ఇరవై ఏళ్లుగా ఆమే తేల్చేది. ఆమె "ఊఁ" అంటేనే బిళ్లలు కొట్టేవారు. కొన్ని జలుబు మందుల్లోకి, కొన్ని బట్టల పెట్టెల్లోకి పోయేవి.

ఒక చలికాలం జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడుతున్నాయని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి చెప్పాల్సి వచ్చింది.

బట్టీలో మాత్రం నోరు విప్పలేదు. చిటికెడు కర్పూరాన్ని కాగితం మీద పెట్టి ఎగిరిపోనిచ్చేది. జిడ్డు మరక మిగిలితే నూనె ఉన్నట్టే. ఆరు నెలల్లో ఒక్క వాయి తప్పు పోలేదు. ఈ సంగతి తమ్ముడి భార్యకు మాత్రం చెప్పుకుంది. ఆ పిల్లను బిళ్లలు పొట్లాలు కట్టే పనిలో పెట్టించింది కూడా తనే.

ఒకరోజు మేస్త్రీ అందరి ముందూ ఒక గుడ్డమూట తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"ఎలా ఉందక్కా సరుకు?"

"బాగుంది. కొట్టించు."

మూట విప్పాడు. లోపల మైనం ముద్ద. ఎవరో కిసుక్కున నవ్వారు. మరదలు తలెత్తలేదు. కాగితం సంగతి చెప్పబోతే మేస్త్రీ చెవిన పెట్టలేదు.

మర్నాడు ముక్కక్క వాసన చూసే పీట మీద మరదలు కూర్చుంది. ముక్కక్కను పొట్లాల బల్ల దగ్గరికి పంపారు.

"నువ్వే చెప్పావు కదూ?"

"ఎప్పటికైనా బయటపడేదే కదా వదినా. పరాయివాళ్లకి పోయేకంటే మనింట్లోనే ఉంటుందనీ..."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావే!" అంది ముక్కక్క.

నాలుగు వాయిలు వరసగా చూస్తే కొత్త ముక్కు మొద్దుబారుతుంది. నెల తిరక్కుండానే బిళ్లల కింది కాగితాల మీద జిడ్డు తేలింది. ముక్కక్క చూసింది. మేస్త్రీ పదడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆమె తల వంచుకుని, సాయంత్రం దాకా పొట్లాలు అంటిస్తూనే ఉంది.

సరుకంతా తిరిగొచ్చింది. మరదల్ని పనిలోంచి తీసేశారు. తమ్ముడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కట్టింది నువ్వే కదక్కా. నీకు కనబడలేదా?"

"కనబడింది" అంది. అబద్ధమాడబుద్ధి కాలేదు.

తమ్ముడు లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు.

మళ్లీ తననే పిలుస్తారని ముక్కక్క మూడు రోజులు ఎదురుచూసింది. నాలుగో రోజు ఎవరో కొత్తావిడ వచ్చి పీట మీద కూర్చుంది. బల్ల మీద బిళ్లలు వచ్చి పడుతున్నాయి. ముక్కక్క మరో కాగితం అందుకుంది.