పూజలో పెట్టిన డిస్కు

మూడోసారి కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు భక్తవత్సలం. నల్ల డిస్కు లోపల టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. లాప్‌టాప్ తెర మీద ఏమీ రాలేదు. కేబుల్ కొనను చొక్కా అంచుతో తుడిచాడు. గుడ్డకు పచ్చటి మరక అంటింది. వాసన చూశాడు. చందనం.

చెన్నైలోని చూలైలో ఓ పాత మేడ మెట్ల కింద ఎనిమిదడుగుల గది అతని స్టూడియో. ముప్పై రెండేళ్లుగా అదే గది, అదే తిరిగే కుర్చీ, అదే చెమ్మ. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కెమెరా మోసీ మోసీ కుడి భుజం కిందికి దిగిపోయింది. ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. ఏ పెళ్లికైనా అందరికంటే ముందు వెళ్లి, అందరూ తిన్నాక చివరి పంక్తిలో చల్లారిన సాంబారు తింటాడు. వేల మంది మెడల్లో తాళి పడటం చూసుంటాడు. వాళ్లలో ఒక్కరికి కూడా అతని పేరు తెలియదు. 'వీడియో అన్నా' అంటే పలుకుతాడు.

"చెంగమ్మా, దీనికి చందనం పెట్టింది ఎవురు?" అని కేకేశాడు.

భార్య చెంగమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేనే. అన్నిటికీ పెట్టినా. దానికి మాత్రం పెట్టకుంటే ఎట్టా? పూజలో పెట్టమని చేతికిచ్చింది నువ్వే గదా."

నిజమే, ఇచ్చింది తనే. ఆయుధపూజకు ఆటోవాళ్లు ఆటో కడిగినట్టు అతను కార్డులు కడుగుతాడు. కెమెరా కార్డుల్లో ఉన్నదంతా డిస్కులోకి ఎక్కించి, కార్డులు ఖాళీ చేసి, శుభ్రంగా పూజలో పెట్టడం ఏళ్ల తరబడి అలవాటు. పోయిన బుధవారం కూడా అంతే చేశాడు. కెమెరాకు బొట్టు, స్టాండుకు బొట్టు, డిస్కుకు బొట్టు. చెంగమ్మ భక్తి కొంచెం ఎక్కువైంది. చందనం నీళ్లు కేబుల్ గుచ్చే కంతలోకి జారాయి. మర్నాడు విజయదశమికి ఒక పిల్ల అక్షరాభ్యాసానికి పిలిస్తే, ఖాళీ కార్డులు అవే కదా అని వాటినే నింపేసుకొచ్చాడు. ఇక వాటిలో పాతది ఏమీ మిగల్లేదు.

ఆ పాతది వరదయ్య గొంతు.

వరదయ్య పక్క వీధిలో ఉంటాడు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు డాక్టర్లు. ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆపరేషన్. కూతురికి నెలలు నిండుతున్నాయి. రేపు పుట్టే బిడ్డకు తాత గొంతు ఎట్టుండేదో తెలియాలని వరదయ్య భార్య పొన్నమ్మ పట్టుబట్టి భక్తవత్సలాన్ని పిలిపించింది. పూజకు ముందురోజు, మంగళవారం సాయంత్రం రెండు గంటల పాటు వరదయ్య కథలు చెప్పాడు, పాటలు పాడాడు, పుట్టబోయే బిడ్డను పది ముద్దుపేర్లతో పిలిచాడు. అదంతా ఇప్పుడు ఈ టిక్కు టిక్కు లోపల ఉంది.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. పొన్నమ్మే.

"వత్సలం, రెండింటికి లోపలికి తీసుకపోతారంట. నాకు కాలూ చెయ్యీ ఆడటంలే. ఆ వీడియో భద్రంగా ఉండాది గదా?"

"ఉండాది వదినా."

ఆ మాట తనంతట తానే వచ్చేసింది. ఇలాంటి అబద్ధం అతనికి కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో ఫిల్ము సరిగా ఎక్కించక తాళి కట్టే ఘట్టం మొత్తం పోతే, ల్యాబువాళ్లు పాడుచేశారని చెప్పేశాడు. వాళ్లు పాపం నమ్మారు. ఆ పెళ్లికూతురు ఇప్పటికీ బజార్లో ఎదురుపడుతుంది. అప్పుడల్లా అతను వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటాడు. అతనివి పట్టీ లేని చెప్పులు.

మరో ఆరేడుసార్లు గుచ్చాడు. చివరికి తెర మీద డిస్కు పేరు కనిపించింది. లోపల 'వరదన్న' అని తను పేరు పెట్టిన ఫోల్డరు కూడా కనిపించింది. అర నిమిషం ఉండి మాయమైంది. ఇంకా ప్రాణం ఉంది దీనికి! మంచి కొత్త డ్రైవు పక్కన పెట్టి, ఒక్క గంట ఇది పలికితే చాలు, అంతా దాంట్లోకి లాగేయొచ్చు. లాప్‌టాప్‌నూ డిస్కునూ కెమెరా సంచిలో పడేసుకుని స్కూటర్ తీశాడు. కెమెరా సంచి లేకుండా అతను పాల ప్యాకెట్టుకు కూడా వెళ్లడు.

మౌంట్ రోడ్డు వెనక ఎలక్ట్రానిక్ సామాన్ల వీధిలో ఒక చిన్న కొట్టు. కొట్టు నడిపేది వైదేహి, వాషర్‌మెన్‌పేట మనిషి. నలభై ఏళ్లుంటాయి, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసమే బల్ల మీద వెతుకుతోంది. భక్తవత్సలం ఫోన్లో చెంగమ్మతో విసుక్కోవడం విని తెలుగులోనే పలకరించింది.

"రా అన్నా. ఏం కావాల?"

"ఎస్ఎస్‌డీ డ్రైవు. వీడియోకి. మధ్యలో మొరాయించనిది."

నాలుగు పెట్టెలు గాజుబల్ల మీద పరిచింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. ఒకటి మెరిసే లోహం. ఒకటి చుట్టూ రబ్బరు తొడుగు. ఒకటి మరీ పల్చన. నాలుగోదాని మీద రెండు టీబీ అని బంగారు అక్షరాలు, ధర మాత్రం అన్నిటికంటే తక్కువ.

"ఇది ఎందుకింత చీపు?"

"అది అమ్మడానికి కాదన్నా, చూపించడానికి పెట్టినా. ఎవురో యాడనో కొని మోసపోయి నా దగ్గరికి తెచ్చినారు. లోపల చిన్న కార్డు పెట్టి రెండు టీబీ అని రాస్తారు. నింపతా పోతే మొదట ఎక్కించింది తుడిచిపెడతాది."

భక్తవత్సలం దాన్ని చప్పున కింద పెట్టేశాడు. లోహపుది తీసి ఎంత స్పీడని అడిగాడు. పల్చనిది తీసి వేడెక్కుతుందా అని అడిగాడు. రబ్బరుది తీసి తడిస్తే ఏమవుతుందని అడిగాడు. కేబుల్ పొడుగు అడిగాడు, వారంటీ అడిగాడు, మళ్లీ లోహపుదాని స్పీడే అడిగాడు. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. అది చూస్తున్న కొద్దీ అతనికి ప్రశ్నలు ఇంకా ఎక్కువ పుట్టుకొస్తున్నాయి. సరైన డ్రైవు ఎంచుకుంటే అంతా సర్దుకుంటుందని, ఎంచుకునేదాకా ఏమీ జరగదని అతని ఆశ.

వైదేహి పాత డిస్కు అందుకుని లాప్‌టాప్‌కు పెట్టి, చెవి ఆనించి వింది. ముఖం మారింది. వెంటనే పీకేసింది.

"పొద్దున్నుంచి దీన్ని ఎన్నిసార్లు పెట్టినావు?"

"ఓ పది సార్లు."

"అయ్యో అయ్యో! పెట్టేకొద్దీ లోపల గీసుకపోతాదన్నా. కొత్తది ఎంత స్పీడైతే ఏం, ఈ పాతది పలకాల గదా! రికవరీ వాళ్లకిస్తే పది దినాలు పడతాది. వస్తాదో రాదో వాళ్లకే తెలీదు. ఏముండాది ఇందులో?"

చెప్పాడు. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. చందనం సంగతి కూడా దాచలేదు. వైదేహి నవ్వలేదు.

"ఆయన ఇంకా మాట్లాడతా ఉండాడా?"

"రెండింటి దాకా."

"మనిషి ఆడ ఉంటే నువ్వు ఈడ నిలబడి స్పీడు అడగతా ఉండావేందన్నా! పో, పోయి చెప్పు. మళ్లా చెప్పించుకో."

భక్తవత్సలానికి చెంప మీద కొట్టినట్టయింది. పొద్దుట తొమ్మిదింటికే చెప్పుంటే వరదయ్యకు చేతిలో ఐదు గంటలుండేవి. తన సిగ్గు దాచుకోవడానికి ఆ మనిషి గొంతులోంచి రెండు గంటలకు పైగా తినేశాడు.

"కింద పడినా పగలనిది ఇయ్యి తల్లీ," అని రబ్బరు తొడుగుది తీసుకుని పరుగెత్తాడు.

సెంట్రల్ స్టేషను దగ్గర బండ్లు కదల్లేదు. హారను మీద నుంచి వేలు తియ్యకుండా, జన్మలో తిట్టనివాళ్లను తిట్టుకుంటూ ఆసుపత్రి చేరేసరికి పన్నెండున్నర. గేటు దగ్గర కాపలావాడు సంచి చూసి "కెమెరా కూడాదు సార్" అని తమిళంలో చెప్పి అడ్డం నిలిచాడు. బతిమాలాడు, చేతులు పట్టుకున్నాడు. చివరికి కాపలావాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మెట్లెక్కి వార్డు చేరేసరికి ఒంటిగంట కావస్తోంది.

వరదయ్య ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడ మీద పెన్నుతో గీసిన గీత. తెల్లారినప్పటి నుంచి నీళ్లు కూడా ఇవ్వలేదట, పెదాలు పగిలి ఉన్నాయి. భక్తవత్సలం మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. కరెంటు హెచ్చుతగ్గులైంది అనొచ్చు. కంపెనీ మాలు మంచిది కాదు అనొచ్చు. చెంగమ్మ మీదికి తోసెయ్యొచ్చు. మూడూ నాలుక చివర దాకా వచ్చాయి.

"వరదన్నా, నీ వీడియో పోయింది. తప్పు నాదే. ఒక్క డిస్కులోనే పెట్టి, కార్డులు తుడిచేసినా. ఆ డిస్కుకు పూజలో చందనం బొట్టు పెట్టి తడిపేసినా."

"ఉండాదన్నావే పొద్దున!" పొన్నమ్మ దిగ్గున లేచింది.

"అబద్ధం చెప్పినా వదినా."

ఆమె చెయ్యెత్తింది. కొడితే బాగుండుననుకున్నాడు. కొట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది.

వరదయ్య బొంగురు గొంతుతో, "కెమెరా పెట్టరా," అన్నాడు.

పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది.

"రెండు గంటలు నేను గొంతు చించుకుని చెప్తే దానికి బొట్టు పెడతావంట్రా? కర్పూరం కూడా ఎలిగించినారా? కొబ్బరికాయ కొట్టినారా దాని నెత్తిన?" అని మొదలుపెట్టాడు. మంగళవారం చెప్పిన కథలు ఒక్కటీ రాలేదు. పాడే శక్తి లేదు. వచ్చినవన్నీ తిట్లే. భక్తవత్సలాన్ని తిట్టాడు, నీళ్లివ్వని నర్సును తిట్టాడు, ముప్పై ఏళ్లలో తనకు దొరికిన డ్రైవర్లందరినీ పేరు పేరునా తిట్టాడు. పక్క మంచం రోగి నవ్వి దగ్గాడు. కొంగు నోట్లో ఉండగానే పొన్నమ్మకు కూడా నవ్వొచ్చింది. వరదయ్య కెమెరా వైపు వేలు చూపించాడు.

"ఒరే, నువ్వెవురో నాకు తెలీదు. ఆడపిల్లవో మగపిల్లోడివో. ఎవురైనా సరే, ఫుట్‌బోర్డు మీద నిలబడితే చెవి మెలిపెడతా. లోపలికి జరగాల. చోటుంటాది. జరిగితే ఎప్పుడూ చోటుంటాది."

దగ్గు తెర వచ్చింది. తగ్గేలోపే నర్సు స్ట్రెచర్‌తో వచ్చింది. ముందే పిలుస్తున్నారట. వరదయ్య నోట్లోంచి పళ్లసెట్టు తీసి పొన్నమ్మ చేతికిచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి, ఒక్కసారిగా ఎవరో ముసలివాడైపోయాడు.

"నువ్వు తిన్యావా?" అన్నాడు ఆమెతో. పళ్లు లేక మాట గాలిగా వచ్చింది.

"తింటాలే, పో."

భక్తవత్సలం కెమెరా ఆపలేదు. చక్రాల చప్పుడు వరండా చివరికి పోయి వినిపించకుండా అయ్యాక ఆపాడు. పద్నాలుగు నిమిషాలు. ఆ నేల మీదే చతికిలబడి లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు, కొత్త డ్రైవులోకి ఎక్కించాడు, రెండుచోట్లా మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. కార్డు తుడవలేదు. డ్రైవు పొన్నమ్మకు అందించాడు. ఆమె అతని ముఖం చూడకుండానే తీసుకుని జాకెట్లో దోపుకుంది.

అయిదున్నరకు డాక్టరు వచ్చి, మనిషికి ఏ భయమూ లేదని, మాట మాత్రం ఇక ఉండదని చెప్పి వెళ్లాడు. పొన్నమ్మ తల ఊపింది. పక్కమీద దుప్పటి మడిచింది, దిండు సరిచేసింది. మంచం పక్క బల్ల మీద, స్టీలు గ్లాసులో నీళ్ల అడుగున, వరదయ్య పళ్లసెట్టు కొంచెం తెరుచుకుని ఉంది.