నిద్రపోతే గీత చెడిపోతుంది

మా ఆయన టవర్ క్రేన్ నడుపుతారు. పట్టపగలు గుండె దడదడలాడి కళ్లు తిరుగుతున్నాయని ఆసుపత్రికి తీసుకొస్తే, మూడోసారి కూడా "గుండె భేషుగ్గా ఉందమ్మా, రేపు పనిలోకి వెళ్లొచ్చు" అన్నాడు డాక్టర్. నాకు ఒళ్లు మండిపోయింది.

"నిద్రలో ఈయన ఊపిరి ఆగిపోతోందండీ."

"గురకేగా? చెవుల్లో దూది పెట్టుకోండి."

పక్కనే ఉన్న మా అత్తగారు నవ్వారు. "మావాడు అదృష్టవంతుడు బాబూ, దిండు మీద తల పెడితే చాలు. ఈ పిల్లకే నిద్రపట్టదు."

గురకకు ఆవిడ కనిపెట్టిన వైద్యం నన్ను వేరే గదిలోకి తరిమేయడం. దాంతో ఊపిరి ఆగినప్పుడు తట్టి లేపే మనిషి కూడా ఆయనకు లేకుండా పోయింది.

నేను కదలనంటే, నా నోరు మూయించడానికి మళ్లీ ఈసీజీ పరీక్షకు పంపారు. ఛాతీకి వైర్లు అంటించి, తెరమీద గుండె గీత మొదలవగానే ఆయనకు కునుకు పట్టింది. టెక్నీషియన్ భుజం పట్టి కుదిపాడు. మళ్లీ కునుకు, మళ్లీ కుదుపు.

"ఎందుకు లేపుతున్నారు?"

"నిద్రపోతే గీత చెడిపోతుందమ్మా. నీటుగా రావాలి."

అంటే ప్రతిసారీ దొంగను తలుపు తట్టి పంపించేసి, ఇంట్లో దొంగే లేడని చెబుతున్నారన్నమాట.

"చెడిపోనివ్వండి" అని మంచానికి అడ్డంగా నిలబడ్డాను. "ఈసారి లేపితే ఊరుకోను."

గురక మొదలైంది. అత్తగారు ముసిముసిగా నవ్వారు. ఉన్నట్టుండి గురక ఆగింది. ఛాతీ ఎగురుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. తెరమీద గుండె స్పందనలు దూరదూరంగా పడ్డాయి. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అప్పుడాయన ఒక్క ఉదుటున గాలి లాక్కున్నారు, గీత పిచ్చెత్తినట్టు పరుగెత్తింది. అది సద్దుమణగకముందే మళ్లీ ఊపిరి ఆగింది.

టెక్నీషియన్ పరుగున వెళ్లి డాక్టర్‌ని పిలుచుకొచ్చాడు. డాక్టర్ తెర చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"ఊపిరాడకపోతే నరాలు గుండెకు కళ్లెం బిగిస్తాయి. మెదడు ఉలిక్కిపడగానే కొరడా ఝళిపిస్తాయి. రోజూ ఇలాగే జరిగితే పగలు కూడా గుండె లయ తప్పుతుంది" అన్నాడు. "రాత్రంతా ఇంతేనా?"

"మీకు మూడుసార్లు చెప్పాను."

క్రేన్ ఎక్కొద్దన్నాడు. నిద్ర పరీక్షకు ఇక్కడే ఉంచమన్నాడు. అత్తగారు నా వైపు చూడలేక, "నీ మంచం మావాడి గదిలోకే మార్చేద్దామే" అన్నారు.

ఆ మాటలకు మా ఆయన కళ్లు తెరిచి, చుట్టూ నిలబడ్డ మమ్మల్ని చూసి సిగ్గుపడ్డారు.

"ఏమీ అనుకోకండి" అన్నారు. "హాయిగా నిద్రపట్టేసింది."