లక్క వేసిన నోరు

నేనొక పాత ఓట్ల పెట్టెను. ఒళ్లంతా ఇనుము, నోరు మాత్రం ఓ సన్నటి చీలిక. పట్నంలో ఏదో కార్ఖానాలో రేకు వంచి, మూత బిగించి, ప్రజల మాట దీంట్లోనే ఉంటుందని లారీ ఎక్కించారు. అయిదు ఎన్నికలు మోశాను. ఊరంతా వచ్చి నా నోట్లో కాగితాలు కుక్కిపోయేది. గెలిచినవాడు ఒక్కడూ మళ్లీ వచ్చి పలకరించిన పాపాన పోలేదు. మీట నొక్కే మిషన్లు వచ్చాక నన్ను మండలాఫీసు వెనక షెడ్డులో పడేశారు. అక్కడ అటెండరు నామీద కూర్చుని చుట్ట కాల్చేవాడు. ప్రజాస్వామ్యాన్ని అంత సుఖంగా వాడుకున్న మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

అక్కణ్ణుంచి నన్ను బడికి తెచ్చింది హెడ్మాస్టరు సుదర్శనంగారు. సాంఘిక శాస్త్రం పాఠాలు మార్చబోతున్నారట. మార్పులు గోడకు అంటించి, జనం తమ అభిప్రాయం పదిహేను రోజుల్లోగా రాసి పెట్టెలో వెయ్యాలని పైనుంచి ఉత్తర్వు. సీలు వేసిన పెట్టె ఫొటో పంపమని కూడా అందులో ఉంది.

ముప్ఫయ్యేళ్ల సర్వీసులో సుదర్శనంగారు పాఠాలు ఎన్ని ఎగ్గొట్టారో గాని, ఎన్నికల డ్యూటీ ఒక్కటి తప్పలేదు. చెయ్యి దాని అలవాటున అది పని చేసుకుపోయింది. నన్ను తలకిందులు చేసి, ఖాళీయేనని ముగ్గురు టీచర్లకు చూపించారు. తాళం వేశారు. దారం చుట్టారు. లక్క కరిగించి, పోలింగు ముగిసినప్పుడు వేసినట్టే నా నోటిమీద పోసి ముద్ర కొట్టారు. ఫొటో వెళ్లింది. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

పద్నాలుగు రోజులు వరండాలో ఉన్నాను. వచ్చినవాళ్లు నన్ను చూసి, ఓట్లయిపోయాయనుకుని వెళ్లిపోయారు.

పదిహేనో రోజు మధ్యాహ్నం రాళ్లు కొట్టే వల్లెపు అంకయ్య వచ్చాడు. యాభై దాటినవాడు. ఏడో తరగతిలో ఉండగా, ఊరి కాలువను దొర తవ్వించాడని మాస్టారు చెబితే, "దొర పలుగు పట్టాడా సార్? మా తాత పట్టాడంట గదా" అని అడిగాడట. ఎండలో నిలబెట్టారు. ఎండలోంచి అటే ఇంటికి నడిచాడు. మళ్లీ బళ్లో కాలుపెట్టింది ఈ రోజే. ఇదంతా గోడకు చెబుతున్నట్టు చెప్పుకున్నాడు, ఎందుకంటే గోడమీది కొత్త పాఠంలోనూ ఆ దొరే ఉన్నాడు. కొత్తగా 'మహనీయుడు' అని కూడా చేర్చారు. కూడబలుక్కుని చదవడానికి అంకయ్యకు గంట పట్టింది. ఒళ్లు మండటానికి క్షణం కూడా పట్టలేదు.

అక్కడే నాలుగు ముక్కలు రాసి, మడత పెట్టిన కాగితంతో నా చుట్టూ తిరిగి చూసి, కుర్చీలో ఉన్న సుదర్శనంగారిని అడిగాడు.

"సార్, దీనికి నోరేది?"

"సీలు వేశాం కదయ్యా, భద్రత కోసం."

"లోపలేముందని?"

"ఏమీ లేదు."

"అయితే బలే బద్రంగా ఉంది సార్. గడువు ఇయ్యాలేగా?"

"చూద్దాంలే, పైవాళ్లనడిగి చెబుతా."

అంకయ్య మొలలోంచి ఉలి తీశాడు. ఒకే దెబ్బ. లక్క పెచ్చులూడి పడింది. కాగితం లోపలికి జారింది.

"రిగ్గింగయ్యా ఇది!" అని సుదర్శనంగారు కుర్చీలోంచి లేచిపోయారు.

మండలంలోని మాస్టర్లందరూ ఒకే డ్యూటీ చేసినవాళ్లు కనుక, పెట్టెలన్నీ చెక్కుచెదరకుండా, నిండు ఖాళీగా మండలాఫీసుకు చేరాయి. సీలు పగిలిన పెట్టె చెల్లదని నన్నొక్కదాన్నీ తాళం కూడా తియ్యకుండా తిప్పి పంపారు. పాఠాలతో ప్రజలు పూర్తిగా సంతృప్తి చెందారని నివేదిక.

విరిగిన బెంచీల పక్కన పడి ఉన్న నన్ను, బడి మెట్లకు రాళ్లు సరిచెయ్యడానికి వచ్చిన అంకయ్యే అడిగాడు, ఉలులు పెట్టుకుంటానని. "తీసుకుపో, దాని మొహం చూస్తే నాకు దడ" అన్నారు సుదర్శనంగారు. ఇంటికెళ్లి తాళం పగలగొట్టి, లోపలి కాగితం తీసి భార్యకు చూపించాడు. "నా ఉత్తరం నాకే వచ్చిందే!"

"రాసింది నువ్వేగా, మళ్లీ చదువుకో" అందామె.

చదువుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నన్ను సైకిలుకు కట్టుకుని కాలువ తూము దగ్గరికి వెళ్లాడు. అక్కడున్న బండమీద ఆ కాగితంలోని మాటే మూడు పూటలు చెక్కాడు: 'దొర గొడుగు కింద నిలబడ్డాడు. తవ్వింది మా తాతలు, అవ్వలు.'

కొత్త పుస్తకం వచ్చింది. దొర మహనీయుడిగానే ఉన్నాడు. కానీ పాఠం చివర ఒక పని ఇచ్చారు: మీ ఊళ్లోని శాసనాన్ని చూసి, అందులోని విషయం రాసుకురండి. మా ఊళ్లో ఉన్న శాసనం అదొక్కటే.

సుదర్శనంగారు ముప్ఫైమంది పిల్లల్ని వెంటేసుకుని తూము దగ్గరికి వచ్చారు. బండను చూశారు. బండ పక్కన నన్నూ, అంకయ్యనూ చూశారు. కండువాతో మెడ తుడుచుకున్నారు. పిల్లలు అప్పటికే గొంతెత్తి చదివేస్తున్నారు.

"రాసుకోండి" అన్నారు చివరికి.

"ఎన్ని మార్కులు సార్ దీనికి?"

"అయిదు."

అంకయ్య చేతిలోని ఉలి నాలో పెట్టాడు. "పర్లేదు సార్. మా తాత పాసయ్యాడు."

నా నోటి అంచున ఇంకా కొంచెం లక్క మిగిలి ఉంది. ఉలి తీసినప్పుడల్లా ఇంత రాలుతోంది.