జోరూ జోడూ

"జోరుగా మొయ్యండి!" లారీ దగ్గర్నుంచి కేకేశాడు కాంట్రాక్టరు రమేష్.

ఒకపక్క రాళ్లు కోసే మెషీన్ మోత, ఇంకోపక్క రాళ్లు మోసే మనుషుల మోత. రెండు మోతల మధ్యా ఒక్క అక్షరం నలిగిపోయింది. షెడ్డు గుమ్మంలో ఉన్న గుల్షన్ లోపలికి తిరిగి అరిచింది.

"ఏయ్, జోడుగా మొయ్యాలంట! పలకకి ఇద్దరంట!"

ఎత్తిన రాతిపలకతో జాషువా అలాగే నిలబడిపోయాడు. జోడా? మాచర్ల శివారు నాపరాళ్ల యార్డులో ఇద్దరి బరువు ఒక్కడే మోసే మొనగాడు అతను. అందుకే రమేష్ అతణ్ణి వరస ముందు పెట్టాడు. ముందువాడు ఉరికితే వెనకవాళ్లు ఊరుకోలేరు. పరువు కోసం పరుగు! ఇక కొరడా దేనికి, జాషువా ఉండగా? నిన్న ఆ పరుగులోనే పలక జారి, వెనక మోస్తున్న నాగులు కాలి మీద పడింది. "రేపు కూడా ఎనకబడ్డావా, ఇంక పనికి రావద్దు" అన్నాడు రమేష్. ఆ యార్డులో రాయే గాని రాయితీ లేదు.

"కుంటోణ్ణి, నాతో ఎవురు జోడీ కడతార్రా?" కాలికి గుడ్డ బిగించుకుంటూ అడిగాడు నాగులు.

అందరూ వేరేవాళ్లతో జత కట్టేశారు. అతనితో వెనకబడితే ఇద్దరి పనీ పోతుంది. వరసలో మోసే గురవమ్మ జాషువా వైపు తిరిగింది.

"ఏరా మొనగాడా, నీ ఎనక ఉరకబోయే గదా నాగులు బాబాయి కాలు చితికింది? నువ్వే పట్టు."

జాషువా మొహం మాడ్చుకునే నాగులుతో కలిసి పలక పట్టాడు. కదిలారో లేదో అవతలి అంచు వణికింది. ఆ వణుకు రాయిలోంచి పాకి అతని అరచేతుల్లోకి వచ్చింది. ఇన్నాళ్లూ వీపు వెనకున్న ఆయాసం ఇప్పుడు చేతికి తగిలింది. అడుగు దానంతటదే నెమ్మదించింది. వెనక వరసంతా నెమ్మదించి, ఊపిరి పీల్చుకుంది.

రమేష్ ఊగిపోతూ వచ్చాడు. "ఎవుర్రా ఇట్టా మొయ్యమంది?"

"నువ్వే గదన్నా, జోడుగా అని..." అంది గుల్షన్.

"జోరు అన్నానే, చెవిటిదానా! పో బయటికి! నువ్వూ, ఆ కుంటోడూ! ఒరేయ్ జాషువా, నువ్వొక్కడివే ఎత్తి చూపియ్యరా ఈళ్లకి!"

మెషీన్ ఎవరో ఆపేశారు. అందరి చూపూ జాషువా మీదే. అతను పలక వదల్లేదు.

"ఎత్తను. నేను ముందు ఉరుకుతుంటే ఎనకోళ్లు పడతన్నారు."

"నిన్నూ పంపిస్తా!"

"పంపు. రేపు ఎవుర్ని జూపిచ్చి ఈళ్లని ఉరికిస్తావో జూద్దాం."

"మా అందర్నీ పంపు. లారీ నువ్వే నింపుకో" అంటూ గురవమ్మ గుల్షన్ పక్కకొచ్చి నిలబడింది. ఒకరి వెంట ఒకరు మిగతావాళ్లూ వచ్చారు.

షెడ్డు అవతలి కొసనున్న వాళ్లు కేకేశారు. "అసలేందే గొడవ?"

గుల్షన్ అరుగెక్కి, యార్డంతా వినపడేట్టు చెప్పింది. "అన్న అన్నది జోరంట! నేనిన్నది జోడంట! తప్పు నాదే! అందరూ ఇన్నారా?"

"ఇన్నాం!"

"మరిప్పుడు ఎట్టా మోద్దాం?"

రమేష్ నోరు తెరిచేలోపే, ఒక్కో పలకకి ఇద్దరు చొప్పున యార్డంతా వంగింది.